పక్షుల మీద పిడుదులు తీసే కిట్: ఫోర్సెప్స్ అద్భుతం, కొక్కెం దండగ

ముందే చెప్పేస్తాను. ఉష్ణమండల అడవుల్లో వలల్లో పడ్డ పిట్టల మీంచి పిడుదులు తీయడానికని అమ్ముతున్న ఈ కిట్‌లో నిజంగా కొనదగ్గ వస్తువు ఒక్కటే, అది వంపు మొన ఫోర్సెప్స్. మిగతావాటిలో కొన్ని పర్వాలేదు, కొన్ని దండగ, ఒకటైతే అజాగ్రత్తగా వాడితే పిట్ట కన్నే పోగొడుతుంది. అయినా ఆ ఒక్క ఫోర్సెప్స్ ఎంత బాగుందంటే, దానికోసం పెట్టె మొత్తం కొన్నా నాకు బాధనిపించలేదు. పిట్టల్ని వలలతో పట్టి, గుర్తుకోసం కాలికి నంబరున్న రింగులు తొడిగి వదిలే టీముల్లో పనిచేసేవాళ్ళు, అక్కడికి వాలంటీర్లుగా వెళ్ళేవాళ్ళు, పరాన్నజీవుల మీద పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థులు చదువుతారని రాస్తున్నాను. పెంపుడు కుక్కకి వాడుకుందాం అనుకునేవాళ్ళకి ఇది అక్కర్లేదు. ఇంకో మాట, అనుమతి లేకుండా అడవి పక్షిని పట్టుకోవడం చాలా దేశాల్లో నేరం, కాబట్టి కిట్ చేతికొచ్చింది కదా అని ఎవరూ వల కట్టకండి.

పెట్టెలో ఏముంటాయంటే: వంపు మొన ఫోర్సెప్స్ ఒకటి, తిన్నని సూది మొన ఫోర్సెప్స్ ఒకటి, పిడుదుని చీలికలో ఇరికించి లాగడానికి రెండు సైజుల్లో ప్లాస్టిక్ కొక్కేలు, అదే పనికి అంచున చీలిక ఉన్న ఒక కార్డు, తలకి కట్టుకునే భూతద్దం, మూతలున్న చిన్న చిన్న సీసాలు, వాటికి అంటించుకునే లేబుళ్ళు, సన్నటి కుంచె, ఎలా వాడాలో చెప్పే కాగితం. పెట్టె గట్టిగా ఉంది, లోపల స్పాంజిలో దేని గూడు దానికి కోశారు, బురదలో పడ్డా ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ కిట్ తయారుచేసినవాళ్ళు పిడుదు అనగానే కుక్క చెవిలో కందిగింజంత ఉబ్బి కనిపించేదాన్ని ఊహించుకున్నట్టున్నారు. ఉష్ణమండల అడవి పక్షి మీద దొరికేవి అవి కావు. గట్టి పిడుదుల (వీపు మీద గట్టి పెంకు ఉండే రకం) జీవితంలో గుడ్డు తర్వాత మూడు దశలు ఉంటాయి: ఆరు కాళ్ళ లార్వా, ఎనిమిది కాళ్ళ నింఫ్, ఆ తర్వాత పెద్ద పిడుదు. చాలా జాతులు ఒక్కో దశలో ఒక్కో జంతువుని పట్టుకుని, కొన్ని రోజులు రక్తం తాగి, కింద రాలిపోయి, కుబుసం విడిచి, మళ్ళీ ఇంకో జంతువుకోసం కాచుకుంటాయి. ఈ అడవుల్లో పెద్ద పిడుదులు ఎక్కువగా క్షీరదాల మీద బతుకుతాయి, పక్షులకి పట్టేవి లార్వాలు, నింఫ్‌లు. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో ఆంబ్లియోమా లాంగిరోస్ట్రె అనే జాతి ఉంది, అందులో పెద్దవి చెట్లెక్కే ముళ్ళపందుల మీద ఉంటాయి, పిల్లవి చిన్న చిన్న పాటల పిట్టల మీద ఉంటాయి. ఆంబ్లియోమా నోడోసమ్ కూడా అంతే, పెద్దవి చీమలు తినే యాంట్‌ఈటర్ల మీద, పిల్లవి పిట్టల మీద. అంటే మన చేతిలో ఉన్న పిట్ట మీద దొరికేది లార్వా అయితే మిల్లీమీటరు కూడా ఉండదు, నింఫ్ అయితే ఆకలితో ఉన్నప్పుడు మిల్లీమీటరో రెండో ఉంటుంది. రక్తం తాగి ఉబ్బితే కాస్త పెరుగుతుంది, బూడిద రంగులో మెరుస్తుంది, అప్పుడు తేలిగ్గా కనబడుతుంది.

అందుకే కొక్కేలు దండగ అంటున్నాను. చిన్న సైజు కొక్కెం చీలిక కూడా లార్వా వెడల్పు కంటే ఎక్కువే. చీలికలోకి పిడుదు ఇరుక్కోదు, ఈకలు ఇరుక్కుంటాయి. ఈ కొక్కేన్ని తిప్పుతూ తీయాలని కదా వాళ్ళు చెప్పేది, తిప్పితే పిడుదు అక్కడే ఉంటుంది, రెండు మూడు బుల్లి ఈకలు మాత్రం ఊడి వస్తాయి, పిట్ట చేతిలో గిలగిల్లాడుతుంది. బాగా ఉబ్బిన నింఫ్ మెడ వెనక ఉంటే ఒకటీ అరా వచ్చాయి, కాదనను, కానీ అలాంటివి ఫోర్సెప్స్‌తో ఇంకా తేలిగ్గా వస్తాయి. కార్డు గురించి రాయడానికి ఏమీ లేదు, చదునైన చర్మం మీద వాడేది అది, పిట్ట తల మీద చదునుగా ఉండే చోటే లేదు.

వంపు మొన ఫోర్సెప్స్‌కి వద్దాం. ల్యాబుల్లో వాడే నంబర్ 7 రకం తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, అదే తరహా. మొన సన్నగా ఉంటుంది కానీ సూదిలా గుచ్చుకోదు, రెండు మొనలూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూస్తే మధ్యలో సందు కనబడదు. స్ప్రింగు మెత్తగా ఉంది, వేళ్ళతో గట్టిగా నొక్కక్కర్లేదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే నొక్కుడు ఎక్కువైతే పిడుదు పొట్ట చితికిపోతుంది, పిడుదు లోపలున్నది పిట్ట ఒంట్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది, మనకి నమూనా కూడా పాడవుతుంది. వంపు ఎందుకంటే, తిన్నని ఫోర్సెప్స్ అయితే మన చెయ్యే మనకి అడ్డొచ్చి పట్టుకున్న చోటు కనబడదు, వంపు ఉంటే చెయ్యి పక్కకి ఉంటుంది, మొన కిందికి దిగుతుంది.

దీని పనితనం తెలియాలంటే పిడుదులు ఎక్కడ పడతాయో చూడాలి. పిట్ట తన ముక్కుతో ఒళ్ళంతా దువ్వుకుంటుంది, ముక్కు అందని చోటు తలా, మెడ పైభాగమే. కాలితో గీరుకుంటుంది కానీ ముక్కుతో ఏరినంత బాగా ఏరలేదు. అందుకే పిడుదులు ఎక్కువగా కనురెప్పల అంచున, చెవి రంధ్రం చుట్టూ, నోటి మూలల్లో, గడ్డం కింద, మెడ వెనక చేరతాయి. నేల మీద ఆకులు కెలికి పురుగులు తినే థ్రష్ లాంటి పిట్టలకి ఇవి ఎక్కువ, తల ఎప్పుడూ ఆకుల్లోనే కదా. అలాంటి ఒక థ్రష్ కింది రెప్ప అంచున నింఫ్ పట్టి ఉంది, రెప్ప వాచి కన్ను సగం మూసుకుపోయింది. పిట్ట వీపు అరచేతికి ఆనించి, మెడ చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య ఉంచి, తల కదలకుండా బొటనవేలితో ఆసరా ఇచ్చి, ఫోర్సెప్స్‌ని బయటి వైపు నించి, అంటే మొన కంటి వైపు చూడకుండా రెప్పకి సమాంతరంగా తెచ్చాను. పిడుదు ఒంటిని కాదు, అది చర్మంలోకి దిగిన చోట, నోటి భాగం దగ్గర పట్టుకోవాలి. పట్టుకున్నాక తిప్పకూడదు, కుదపకూడదు, ఒకే బలంతో నిదానంగా వెనక్కి లాగాలి. మొదట చర్మం చిన్న గుడారంలా పైకి లేస్తుంది, అప్పుడు కంగారుపడి గట్టిగా లాగితే తెగుతుంది, అలాగే పట్టి ఉంచితే కాసేపటికి దానంతట అది వదులుతుంది. వదిలింది. నోటి భాగాలతో సహా మొత్తం వచ్చింది, దాని చివర తెల్లటి చిన్న ముద్ద కూడా ఉంది. అది పిడుదు చర్మానికి అతుక్కోవడానికి తన నోట్లోంచి వదిలే సిమెంటు లాంటి పదార్థం. ఆంబ్లియోమా రకాలకి నోటి భాగం పొడుగు, దాని మీద వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి, అందుకే అవి అంత మొండిగా పట్టుకుంటాయి. అక్కడ కావలసినంత పట్టు, కావలసినంత నెమ్మది రెండూ ఈ ఫోర్సెప్స్ ఇచ్చింది.

నోటి భాగం తెగకుండా రావడం పిట్ట కోసమే కాదు. పిడుదుని గుర్తుపట్టేటప్పుడు చూసేవాటిలో ఆ ముళ్ళ వరసలు ముఖ్యమైనవి, ఒక్కో పక్క రెండు వరసలున్నాయా మూడున్నాయా అని మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. అది పిట్ట చర్మంలోనే ఉండిపోతే మన సీసాలో మిగిలేది సగం నమూనా.

తిన్నని సూది మొన ఫోర్సెప్స్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వస్తువు నాసిరకం కాదు, మంచి ఉక్కు, మొన చాలా పదును. ల్యాబులో చచ్చిన పిడుదుని తిప్పి చూసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ బతికున్న పిట్ట కంటి దగ్గరికి దీన్ని తీసుకెళ్ళడం అన్యాయం. పిట్ట ఒక్కసారి తల విదిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కిట్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ వేసి మరీ దీన్నే వాడమన్నారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ కాగితాన్నే నమ్ముతారు.

ఆ కాగితంలో ఇంకో తప్పు కూడా ఉంది, తీసేముందు పిడుదు మీద స్పిరిట్ రాయమన్నారు. వద్దు. స్పిరిట్ గానీ వాజిలిన్ గానీ నూనె గానీ వేడి గానీ ఏదీ వద్దు. వాటికి పిడుదు వెంటనే వదలదు, పైగా చిరాకుపడి లోపలున్న ద్రవాల్ని చర్మంలోకే కక్కే ప్రమాదం ఉంది, రోగం ఉంటే అది కూడా ఆ దారినే పోతుంది. ఇక్కడైతే కన్ను పక్కనే ఉంది, స్పిరిట్ కంట్లో పడితే పిట్ట గతేంటి? ఆ కాగితం చింపి పారేసి, మీ టీములో అనుభవం ఉన్నవాళ్ళ చేతులు చూసి నేర్చుకోండి.

తలకి కట్టుకునే భూతద్దం పర్వాలేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, అది పెద్ద సుఖం. కాకపోతే వాన కురిసి ఆగాక అడవిలో ఉండే ఆ ఉక్కపోతకి అద్దం మీద ఆవిరి పడుతూనే ఉంటుంది, గుడ్డతో తుడవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. నింఫ్‌లని పట్టుకోవడానికి ఆ పెద్దది చేసే శక్తి చాలు. లార్వానా నింఫా అని కాళ్ళు లెక్కపెట్టాలంటే మాత్రం చాలదు, జేబులో పది రెట్లు పెద్దది చేసే చేతి అద్దం ఒకటి ఉండాల్సిందే. అది ఈ కిట్‌లో లేదు.

సీసాల దగ్గర నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకంటే పిడుదుని తీయడం సగం పని అయితే దాన్ని సరిగ్గా దాచడం మిగతా సగం. లార్వాల్నీ నింఫ్‌ల్నీ కంటితో చూసి జాతి చెప్పడం చాలా కష్టం, ఉష్ణమండల జాతుల్లో చాలావాటికి పెద్ద దశ వర్ణనలే బాగా ఉన్నాయి. అందుకే ఇప్పుడు డీఎన్ఏ చూస్తున్నారు. పనామాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది, అందులో 3,498 పక్షుల్ని చూస్తే 227 పక్షుల మీద పిడుదులు దొరికాయి, అవి 93 జాతుల పక్షులు. ముందు పెద్ద పిడుదుల్ని రూపం బట్టి గుర్తించి, వాటి డీఎన్ఏతో ఒక లైబ్రరీ తయారుచేసుకుని, పక్షుల మీంచి తీసిన పిల్ల పిడుదుల్ని దాంతో పోల్చితే మొత్తం 11 జాతులు తేలాయి. ఆ లైబ్రరీ లేకపోతే వాటిలో చాలావాటికి పేరే ఉండేది కాదు. వలస వచ్చిన పక్షుల కంటే అక్కడే ఉండే పక్షుల మీదే పిడుదులు ఎక్కువగా ఉన్నాయని కూడా అందులోనే తేలింది. వలలో వలస పిట్ట పడితే ఒళ్ళంతా వెతికి, రోజూ పడే పిట్టని పైపైన చూసి వదిలేసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డీఎన్ఏ నిలవాలంటే 95 శాతం లేదా అంతకంటే చిక్కటి ఇథనాల్ కావాలి. రూపం చూసుకోవడానికైతే 70 శాతం చాలు. కిట్ సీసాల మూతల లోపల రబ్బరు వలయం లేదు, బ్యాగులో అడ్డంగా పడుంటే ఇథనాల్ కారుతుంది, నిలబెట్టి ఉంచినా ఆ వేడికి మెల్లగా ఆవిరైపోతుంది. కొన్ని సీసాల్లో పిడుదులు ఎండి అడుక్కి అంటుకుపోయాయి. ఇక లేబుళ్ళు! బయట అంటించేవి, పెన్నుతో రాసేవి. ఇథనాల్ చుక్క తగిలితే సిరా కరిగి పోతుంది, తేమకి జిగురు ఊడిపోతుంది. పేరు లేని పిడుదు ఎందుకూ పనికిరాదు, ఏ పిట్ట మీంచి వచ్చిందో, ఏ రింగు నంబరో, ఏ తేదీనో తెలియకపోతే ఆ పిట్టని ఇబ్బంది పెట్టి తీసిందంతా వృథా. దీనికి పాత పద్ధతే మంచిది: దళసరి కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేసేయాలి. పెన్సిల్ గీత ఇథనాల్‌కి కరగదు. పిడుదు ఒంటి మీద ఎక్కడ దొరికిందో కూడా రాయండి, కుడి రెప్పా, ఎడమ చెవా, గడ్డమా అని. ఒక పిట్టకి ఒక సీసా, రెండు పిట్టలవి ఎప్పుడూ కలపకండి.

బాగా ఉబ్బినవి దొరికితే అన్నిట్నీ ఇథనాల్లో వేయక్కర్లేదు, ఒకటో రెండో బతికించి తేమగా, గాలాడేలా ఉంచితే కొన్ని వారాల్లో కుబుసం విడిచి తర్వాతి దశకి వస్తాయి, అప్పుడు గుర్తుపట్టడం తేలిక. ఈ పనికి మాత్రం కిట్ సీసాల పరిమాణం సరిపోయింది, మూతకి బదులు సన్నటి గుడ్డ కట్టుకోవాలి. గుడ్డ నేత బాగా దగ్గరగా ఉండాలి సుమా, లార్వాలకి చిన్న సందు చాలు.

కుంచె చిన్నదే కానీ నాకు బాగా నచ్చింది. ఉబ్బిన పిడుదులు కొన్ని మనం తీయకముందే వాటంతట అవే రాలిపోతాయి, పిట్టని ఉంచిన గుడ్డ సంచిలో అడుగున దొరుకుతాయి. తెల్ల సంచి అయితే కనబడతాయి, ముదురు రంగు సంచి అయితే కుట్ల దగ్గర దాక్కుంటాయి. పిట్ట బయటికి రాగానే సంచి తిరగేసి, కుంచె చివర ఇథనాల్లో తడిపి అద్దితే పిడుదు దానికే అంటుకుని వస్తుంది, చితకదు. ఫోర్సెప్స్‌తో పనే లేదు. సంచిని ఉతక్కుండా ఇంకో పిట్టకి వాడితే ఒకదాని పిడుదు ఇంకోదానికి ఎక్కుతుంది, అప్పుడు మన రికార్డులు కూడా అబద్ధమవుతాయి.

ఇంత చిన్న పురుగు కోసం ఇంత హడావుడి దేనికని అడిగేవాళ్ళు ఉంటారు. 1957లో కర్ణాటక క్యాసనూర్ అడవిలో బయటపడ్డ, మనుషులకి సోకే జ్వరాన్ని ముఖ్యంగా మోసేది హీమాఫైసాలిస్ స్పైనిజెరా అనే పిడుదు, దాని పిల్ల దశలు నేల మీద తిరిగే పక్షుల్నీ చిన్న జంతువుల్నీ పట్టుకుంటాయి. ఇక అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ తీరానికి వలస వచ్చిన పిట్టల్ని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు మూడున్నర శాతం పిట్టల మీద పిడుదులు దొరికాయి, చాలావరకు దక్షిణాది ఉష్ణమండల అడవుల నించి వచ్చినవే, ఆ లెక్కన ఏటా వసంతంలో 1.9 కోట్లకు పైగా పిడుదులు అలా ఎగిరొస్తున్నాయని అంచనా వేశారు. అవి అక్కడ నిలదొక్కుకుంటాయా లేదా అన్నది వేరే సంగతి, దారి మాత్రం ఉంది. అలాగని పిట్టల్ని చూసి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. పనామా పక్షుల మీద రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్‌ని (పిడుదుల వల్ల మనుషులకి వచ్చే ప్రమాదకరమైన జ్వరం) మోసే ముఖ్యమైన జాతులు దాదాపు కనబడలేదు. ఎక్కడ ఏది ఉందో తెలియడానికే ఈ సీసాలూ లేబుళ్ళూ.

పిట్ట సంగతి మర్చిపోకూడదు. ఒక్కో పిట్ట తల మీద లార్వాలు గుత్తుగా ఉంటాయి, అన్నీ తీసేయాలని చేతులు ఆరాటపడతాయి. పిట్ట నోరు తెరిచి ఆయాసపడుతున్నా, కళ్ళు వాల్చేస్తున్నా వెంటనే వదిలేయండి. పిడుదులు గుత్తుగా ఉన్నప్పుడు కంటి దగ్గరివీ చెవి దగ్గరివీ తీసి, మిగతావి ఎన్ని ఉన్నాయో రాసుకుంటే చాలు. ఫోర్సెప్స్ బాగుంటే ఇక్కడే తేడా తెలుస్తుంది: ఒక్కో పిడుదుకీ పట్టే సమయం తగ్గితే పిట్ట మన చేతిలో ఉండే సమయం తగ్గుతుంది.

ఫోర్సెప్స్‌లో ఒక్క లోపం చెప్పాలి. స్టెయిన్‌లెస్ అన్నారు కానీ తేమకి మడత దగ్గర గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. సాయంత్రం తుడిచి ఆరబెట్టి, మొనలకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి పెడితే ఆగుతున్నాయి. మొన తొడుగు కిట్‌తో రావాలి, నా పెట్టెలో లేదు. అమ్మినవాళ్ళకి రాస్తే మారు మాట్లాడకుండా పంపారు, ఆ మర్యాదకి మెచ్చుకోవాలి. వాడే కాగితంలో తప్పుల గురించి కూడా రాశాను, దానికి మాత్రం జవాబు రాలేదు.

ఐదింటికి మూడు స్టార్లు ఇస్తున్నాను, మూడూ ఆ వంపు ఫోర్సెప్స్‌కీ కుంచెకీ. కొక్కేలూ కార్డూ తీసేసి వాటి బదులు ఇంకో వంపు ఫోర్సెప్స్, చేతి అద్దం, రబ్బరు వలయం ఉన్న సీసాలు, ఒక పెన్సిలు, కాస్త దళసరి కాగితం పెడితే ఐదూ ఇస్తాను. విడిగా అమ్ముతున్నట్టయితే ఇప్పుడే ఫోర్సెప్స్ ఒక్కటీ తెప్పించుకోండి. టీముకి రెండు తెప్పించుకోండి, ఒకటి ఆకుల్లో పడిపోయిందంటే దొరకదు.